మూత్రంలో మంట: "వేడి చేసింది" అనుకుని మూడు నెలలు గడిపేశాను

నీ ప్రశ్న చదివాను. ఒంటికి వెళ్తుంటే మంట, ఇరవై రోజులకోసారి మళ్లీ మొదలవుతోంది, సబ్జా నీళ్లు, బార్లీ తాగినా పోవట్లేదు, పెళ్లి కాకుండా ఈ మాట చెప్పుకుని డాక్టర్ దగ్గరికి ఎలా వెళ్లాలి అని రాశావు. నాకంటే పదిహేనేళ్లు చిన్నదానివి కాబట్టి నువ్వు అంటున్నాను, ఏమనుకోకు చెల్లీ.

నేను ఒక బట్టల షోరూంలో తొమ్మిదేళ్లు సేల్స్‌లో చేశాను. చీరల సెక్షన్ రెండో అంతస్తులో, ఆడవాళ్ల టాయిలెట్ సెల్లార్‌లో. ఆషాఢం డిస్కౌంట్లు పెట్టారంటే కౌంటర్ వదిలి కదలడానికి ఉండదు. కస్టమర్ ముందు నలభై చీరలు పరిచాక మధ్యలో ఎలా వెళ్తాం? అందుకే మేమందరం ఒకటే ఉపాయం పట్టాం, నీళ్లు తాగడం మానేయడం. పొద్దున తెచ్చుకున్న అరలీటరు బాటిల్ సాయంత్రం సగం నీళ్లతో ఇంటికొచ్చేది.

ఆ ఆషాఢంలోనే మొదలైంది. ముందు చివరి చుక్కల దగ్గర చురుక్కుమనేది. రెండు రోజులకి బ్లేడుతో గీసినట్టయింది. వెళ్లొచ్చి ఐదు నిమిషాలు కాకముందే మళ్లీ వెళ్లాలనిపించేది, తీరా కూర్చుంటే నాలుగు చుక్కలు. అమ్మ చూసి "వేడి చేసిందే" అంది. బొడ్డు చుట్టూ ఆముదం రాసింది, మజ్జిగ, కొబ్బరినీళ్లు తాగించింది. తగ్గినట్టే ఉండింది. అమ్మను తప్పు పట్టను. నీళ్లు ఎక్కువ తాగితే మూత్రం పల్చబడి మంట తెలియదు, చిన్న ఇన్ఫెక్షన్ ఒక్కోసారి దానంతటదే పోతుంది కూడా. కానీ మన ఇళ్లలో ఎండలో తిరిగినా వేడే, ఆవకాయ తిన్నా వేడే, లోపల క్రిములు చేరినా వేడే. ఆ పేరు పెట్టేశాక ఇంక పరీక్ష చేయించాలన్న ఆలోచనే రాదు. నాకైతే రాలేదు.

రెండోసారి వచ్చినప్పుడు మెడికల్ షాపులో మెల్లగా గొణిగితే ఆరు మాత్రలు, ఒక సిరప్ ఇచ్చారు. మూడు వేసుకునేసరికి హాయిగా ఉంది. మిగతా మూడు మళ్లీ వస్తే పనికొస్తాయని గూట్లో దాచాను! మళ్లీ వచ్చింది, ఆ మూడూ వేసుకున్నాను, ఈసారి తగ్గలేదు. నాలుగో రోజు చలి జ్వరం, వాంతులు, కుడివైపు పక్కటెముకల కింద వీపులో నొప్పి. ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకా ఎక్కింది. నాలుగు రోజులు ఆస్పత్రి బెడ్ మీదే ఉన్నాను.

అక్కడ చేయించిన మామూలు మూత్ర పరీక్షలో చీము కణాల ఎదురుగా అంకె లేదు, "ప్లెంటీ" అని ఉంది. ఐదు లోపు ఉండాల్సినవట. రెండు రోజులకి కల్చర్ రిపోర్టు వచ్చింది, అంటే మూత్రంలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి అది ఏదో, ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్ష. క్రిమి పేరు ఇ.కోలి, మన పేగుల్లో ఉండేదే. దాని కింద వరసగా మందుల పేర్లు, ఒక్కోదాని పక్కన ఎస్ లేదా ఆర్. ఎస్ అంటే ఆ మందుకు లొంగుతుంది, ఆర్ అంటే లొంగదు. ఓఫ్లాక్సాసిన్ పక్కన ఆర్ ఉంది. నేను గూట్లో దాచుకున్నది అదే.

అందుకే నీకు చెప్పేది ఒక్కటే. ఇన్నిసార్లు తిరిగి వస్తోందంటే ఈసారి యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే కల్చర్‌కి ఇవ్వు. ఒక్క మాత్ర వేసుకున్నా క్రిమి కల్చర్‌లో దొరక్కపోవచ్చు. ల్యాబ్ వాళ్లిచ్చిన డబ్బాలోనే పట్టాలి. ముందు నీళ్లతో కడుక్కుని, మొదటి ధార వదిలేసి, మధ్యలోది పట్టు. మూత లోపలివైపు వేలు తగలనీయకు. పట్టిన గంటలోపు ల్యాబ్‌లో ఇచ్చేస్తే మంచిది.

అసలు అది మూత్రం ఇన్ఫెక్షనేనా అన్నది కూడా తేలాలి. మంట లోపల కాకుండా, మూత్రం తగిలినప్పుడు బయట చర్మం మీద మండుతూ, దురదా, పెరుగు విరిగినట్టు తెల్లబట్టా ఉంటే అది ఫంగస్ కావచ్చు, దాని మందు వేరు. వీపు నుంచి గజ్జల్లోకి నొప్పి మెలిపెడితే రాయేమో చూడాలి. సెక్స్ వల్ల అంటుకునే కొన్ని జబ్బుల్లోనూ మంట ఉంటుంది. మాటిమాటికీ వస్తోంది కాబట్టి షుగర్ టెస్టు కూడా చేయించు. చలి జ్వరం, వీపు నొప్పి, మూత్రంలో రక్తం, వీటిలో ఏదున్నా రేపు చూద్దాంలే అనకు, ఆ రోజే వెళ్లు. గర్భిణులకైతే చిన్న మంట వచ్చినా అంతే.

సిగ్గు సంగతి. పెళ్లికీ దీనికీ ముడిపెట్టక్కర్లేదు. ఆడవాళ్లకి మూత్రనాళం 4 సెంటీమీటర్లే, మగవాళ్లకి 20 దాకా ఉంటుంది. క్రిమికి దారి దగ్గర, అంతే. కలయిక వల్ల రావడం కూడా నిజమే. డాక్టర్ ఆ ప్రశ్న అడిగితే మందు ఎంచుకోవడానికే అనుకో, ఉన్నది చెప్పు.

ఆరు నెలల తర్వాత నాకు ఇంకోసారి వచ్చింది, ఈసారి మంట వరకే. కల్చర్‌కి ఇచ్చాక నైట్రోఫ్యూరంటాయిన్ అనే యాంటీబయాటిక్ రాశారు, పొద్దున, రాత్రి తిన్నాక, ఐదు రోజులు. మూత్రం గోధుమ రంగులో వస్తే కంగారుపడొద్దని ముందే చెప్పారు. నీకూ అదే రాస్తారని కాదు. ఇంట్లో ఉన్న పాత సిరప్ చూపిస్తే ఆపేయమన్నారు. నీళ్లలో కలుపుకుని తాగే ఆ సిరప్ మూత్రంలో పులుపు తగ్గించి మంటకి ఉపశమనం ఇస్తుందే గానీ క్రిమిని చంపదు, పైగా నైట్రోఫ్యూరంటాయిన్ మూత్రం పుల్లగా ఉంటేనే బాగా పనిచేస్తుందట.

నీళ్ల విషయంలో నాకు ధైర్యం వచ్చింది ఒక అధ్యయనం గురించి చదివాకే. 2018లో అచ్చయింది, బల్గేరియాలో చేశారు. నీళ్లు తక్కువ తాగుతూ పదేపదే ఈ ఇన్ఫెక్షన్ తెచ్చుకునే 140 మంది ఆడవాళ్లలో సగం మందిని రోజూ లీటరున్నర అదనంగా తాగమన్నారు. ఏడాదిలో వాళ్లకి సగటున 1.7 సార్లు వస్తే, మిగతావాళ్లకి 3.2 సార్లు వచ్చింది. నేను ఆ మాట సూపర్‌వైజర్‌కి చెప్పి, మూడు గంటలకోసారి కిందికి వెళ్తానని తెగేసి చెప్పాను. మొదట ముఖం చిట్లించాడు. తర్వాత మిగతా అమ్మాయిలూ నా వెనకే దిగడం మొదలుపెట్టారు.

ఇంకో మాట, శాంపిల్ శనివారం ఇవ్వకు. ఆదివారం ల్యాబ్ సగం రోజే ఉంటే రిపోర్టు మంగళవారం దాకా సాగుతుంది, అప్పటిదాకా మంట భరించాల్సింది నువ్వే.