పాత సిటీ కారు, టకాటా ఎయిర్‌బ్యాగ్: ఫ్యూజ్ పీకొద్దు

సెకండ్ హ్యాండ్‌లో 2012 హోండా సిటీ కొన్నాను, టకాటా (జపాన్ విడిభాగాల కంపెనీ) ఎయిర్‌బ్యాగ్ రీకాల్, అంటే లోపమున్న భాగాన్ని కంపెనీయే బండి పిలిపించి మార్చడం, నాకూ వర్తిస్తుందా, ఫ్యూజ్ పీకేస్తే సరిపోదా అని అడిగారు కదా. ఫ్యూజ్ జోలికి మాత్రం వెళ్లకండి బాబూ. ముందు ఆర్‌సీలో ఉన్న 17 అక్షరాల చాసిస్ నంబర్ హోండా ఇండియా వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. బండి మీ పేరు మీదకు ఎప్పుడు మారినా ఫర్వాలేదు, రీకాల్ బండికి, ఓనరుకి కాదు. పెండింగ్ చూపిస్తే డీలర్‌కి ఫోన్ చేసి, పార్ట్ ఉందో లేదో కనుక్కునే వెళ్లండి, లేకపోతే ఊరికే తిరగాలి. ఇన్‌ఫ్లేటర్ (బ్యాగ్‌ని గ్యాస్‌తో ఉబ్బించే డబ్బా) ఉచితంగానే మారుస్తారు, లేబర్ ఛార్జీ అంటే ఒప్పుకోవద్దు. వాయిదా మాత్రం వేయకండి: దాని లోపలి పేలుడు మందు అమ్మోనియం నైట్రేట్, అది ఏళ్ల తరబడి ఎండకీ తేమకీ పాడైతే, గుద్దుకున్నప్పుడు బ్యాగ్ తెరుచుకోవడంతో పాటు ఇన్‌ఫ్లేటర్ డబ్బానే పేలి లోహపు ముక్కలు మొహానికీ మెడకీ తగులుతాయి. పని అయ్యాక జాబ్ కార్డులో ఏ వైపుది మార్చారో రాయించుకోండి, డ్రైవర్ వైపుదీ పక్క సీటుదీ వేర్వేరు.