గడ్డ తీసేశారు కదా అని మాత్ర ఆపకండి

నాన్నగారికి లివర్‌లో కేన్సర్ గడ్డ తీసేశారు, రక్తంలో హెపటైటిస్ బి వైరస్ కూడా కనిపించడం లేదు, ఇంకా దాన్ని అణిచే ఎంటెకావిర్ మాత్ర ఎందుకని అడిగారు కదండీ. దయచేసి ఆపకండి. తీసింది గడ్డను, హెపటైటిస్ బి వైరస్‌ను కాదు. అది మిగిలిన లివర్ కణాల్లో దాక్కునే ఉంటుంది, రిపోర్టులో కనబడలేదంటే మాత్ర పని చేస్తోందని అర్థం. ఆపేస్తే వైరస్ ఒక్కసారిగా విజృంభించి, అసలే కోత పడిన లివర్ తట్టుకోలేక కామెర్లు, పొట్టలో నీరు దాకా వెళ్లొచ్చు. వాడుతుంటే కేన్సర్ తిరగబెట్టే అవకాశం తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు, కాబట్టి డాక్టర్ చెప్పిన స్కాన్లు, ఏఎఫ్‌పీ (లివర్ కేన్సర్ జాడ చూసే రక్తపరీక్ష) ఒక్కటి కూడా మానొద్దు.

మా మేనమామ ఇదే మాత్ర ఇడ్లీ తిన్న వెంటనే వేసుకునేవాడు. అది ఖాళీ కడుపుతోనే వేసుకోవాలి, తిన్నాక 2 గంటలు ఆగాలి, వేసుకున్నాక ఇంకో 2 గంటలు ఏమీ తినకూడదు. అత్తయ్య దాన్ని రాత్రి పదింటికి మార్చి, మాత్రల డబ్బా దిండు పక్కనే పెట్టింది, ఆ తర్వాత ఒక్క రోజూ తప్పలేదు.

కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష కూడా చేయిస్తుండండి, కిడ్నీ పనితీరు తగ్గితే డాక్టరే మోతాదు మారుస్తారు. ఇంకో మాట, మీరూ మీ తోబుట్టువులూ అమ్మగారూ హెపటైటిస్ బి ఉందో లేదో చెప్పే హెచ్‌బీఎస్ఏజీ రక్తపరీక్ష చేయించుకున్నారా? లేకపోతే ఈ వారమే చేయించుకోండి, రక్షణ లేదని తేలినవాళ్లకు టీకా ఉంది.