కదలని బండికీ వయసు మీద పడుద్ది

ఈ నెల ఉత్తరాలన్నీ చదివాక ఒకటనిపించింది. మనోళ్లు బండి ఎక్కువ తిప్పితే పాడవుద్దని భయపడతారు గానీ తిప్పకపోతే ఏమవుద్దో ఎవరూ ఆలోచించరు. సరే, వరసగా చూద్దాం.

ప్రశ్న: నమస్తే అండి, నేను డాలస్‌లో ఉంటాను. 2019లో రాజమండ్రిలో మా నాన్నగారికి పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ కొనిచ్చాను. ఆయన గుడికీ, కూరగాయలకీ తప్ప తియ్యరు, ఇప్పటికి 11 వేల కిలోమీటర్లే తిరిగింది. మొన్న సర్వీసుకిస్తే ఇంజినాయిలు, బ్రేకాయిలు, బ్యాటరీ, నాలుగు టైర్లూ మార్చాలన్నారట. టైర్ల గ్రిప్పు కొత్తదాన్లాగే ఉందని నాన్న ఫోటో కూడా పంపారు. అమెరికా కొడుకు ఉన్నాడని దోచేస్తున్నారా?

జవాబు: దోచేవాళ్లు లేరని నేననను బాబూ, పాతికేళ్లు ఆటోనగర్‌లో ఉన్నోణ్ణి, అన్నీ చూశా. కానీ ఈ లిస్టులో మాత్రం మూడొంతులు న్యాయమే ఉంది. నాన్నగారి దగ్గర బండితో ఇచ్చిన పుస్తకం ఉంటుంది, కవర్ కూడా చింపి ఉండరు, అందులో ఆయిల్ గురించి "10 వేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందొస్తే అది" అని ఉంటుంది. అందరూ మొదటి సగం చదివి ఆపేస్తారు. గుడికి రెండు కిలోమీటర్లు వెళ్లి ఆపేస్తే ఇంజిన్ వేడెక్కే లోపే ఆగిపోద్ది, లోపల పట్టిన చెమ్మ, కాలని పెట్రోలు ఆయిల్లోనే ఉండిపోతాయి. నాన్నగారిని ఒకసారి ఆయిల్ పోసే మూత తీసి వెనక్కి తిప్పి చూడమనండి, మీగడలాగా తెల్లగా పేరుకుని ఉంటే నే చెప్పేది అదే. బండి తక్కువ తిరిగింది కాబట్టే ఆయిల్ తొందరగా పాడైంది, వినడానికి తిక్కగా ఉన్నా నిజం అది.

టైర్ల సంగతికొస్తే గ్రిప్పు చూసి మోసపోవద్దు. టైరు పక్క గోడ మీద డాట్ (DOT) అని ఇంగ్లీషు అక్షరాలుంటాయి, ఆ వరస చివర్లో నాలుగంకెలుంటాయి. 1819 అని ఉంటే 2019లో 18వ వారం, అంటే మే మొదట్లో తయారైందని. రబ్బరు ఎండకి, గాలికి గట్టిపడిపోద్ది, తిరిగినా తిరగకపోయినా. రిమ్ము దగ్గర వేలితో రాస్తూ దగ్గరగా చూస్తే సన్న పగుళ్లు కనపడతాయి, పాత చెప్పు అడుగున ఉంటాయే అలాంటివి. అవుంటే మార్చెయ్యండి, బేరం లేదు. లేకపోతే ఊళ్లో తిరగడానికి ఇంకొంత కాలం నడపొచ్చు గానీ ఏడాదికోసారి చూపించాలి, ఆ టైర్లతో ఎండాకాలం హైవే ఎక్కొద్దు. స్టెప్నీ కూడా అదే వయసు, దాన్ని ఎవరూ లెక్కెయ్యరు.

బ్యాటరీ ఒక్కటే నాకు అనుమానం. మార్చే ముందు మీటరు పెట్టి చూడమనండి. రాత్రంతా ఆగి ఉన్న బండికి 12.6 వోల్టులు వస్తే బాగున్నట్టు, 12.2 దగ్గరుంటే సగం ఖాళీ, చార్జింగ్ పెట్టి మళ్లీ చూడాలి, చార్జింగ్ పెట్టినా నిలబడకపోతే పోయినట్టే. నాన్నగారు రోజూ పొద్దున్నే సెల్ఫ్ కొట్టి ఐదు నిమిషాలు ఆన్‌లో ఉంచి ఆపేస్తారు కదా, మీరు రాయకపోయినా తెలుసు, అందరు నాన్నలూ అదే చేస్తారు. దానివల్ల నష్టమే, స్టార్టింగ్‌కి తాగిన కరెంటు ఆ ఐదు నిమిషాల్లో తిరిగి రాదు. దాని బదులు వారానికోసారి అరగంట తిప్పమనండి, గోదావరి దాటి కొవ్వూరు దాకా వెళ్లి కాఫీ తాగి రమ్మనండి, ఆయనకీ మంచిది. నెలల తరబడి ఆపితే మాత్రం హ్యాండ్‌బ్రేకు లాగి ఉంచొద్దు, వెనక బ్రేకులు పట్టేసి కూర్చుంటాయి, గేరులో పెట్టి చక్రానికి రాయి అడ్డం పెడితే చాలు. వానాకాలం తడి కవరు కప్పి ఉంచినా తప్పే, లోపల చెమ్మ, ఆ పైన ఎలకలు. ఎలకలు వైరింగు కొరికిన బిల్లు చూస్తే డాలస్‌లో ఉన్న మీకే కళ్లు తిరుగుతాయి.

ప్రశ్న: అన్నా, నాది గూడూరు. ఫ్యామిలీతో తిరుమల వెళ్లి కొండ దిగుతుంటే సగం దారిలో బ్రేక్ పెడల్ మెత్తగా లోపలికి వెళ్లిపోయింది, కాలిన వాసన. గోవిందా గోవిందా అనుకుంటూ దిగాం. మెకానిక్ చూసి ప్యాడ్లు బాగానే ఉన్నాయి అంటున్నాడు. మరి ఎందుకైంది?

జవాబు: ఇందాక రాజమండ్రి బండికి బ్రేకాయిల్ మార్చమన్నారు చూడండి, మీకు జరిగింది దాని సంగతే అయ్యుండాలి. బ్రేకాయిల్ గాల్లో చెమ్మని పీల్చుకుంటుంది, అది దాని గుణం. డాట్ 4 రకం కొత్తదైతే 230 డిగ్రీలకి గానీ మరగదు, నీళ్లు పట్టాక 155కే మరుగుద్ది. ఘాట్ రోడ్డులో కాలు బ్రేకు మీదే పెట్టి దిగితే ఆ వేడి వచ్చేస్తుంది, ఆయిల్ మరిగి బుడగలొస్తాయి, బుడగలు నొక్కుకుపోతాయి గానీ బ్రేకు పట్టదు. చల్లారాక మళ్లీ మామూలుగా పనిచేస్తుంది, అందుకే మెకానిక్‌కి ఏం కనపడలా. రెండేళ్లకోసారి మార్పించండి, పెద్ద ఖర్చేం కాదు.

మీ తప్పు కూడా ఉంది తమ్ముడూ, ఏ గేర్లో దిగావో రాయలేదు. ఏ గేర్లో ఎక్కుతామో ఆ గేర్లోనే దిగాలి, రెండో మూడో, ఇంజినే బండిని పట్టుకుంటుంది, కాలు మధ్యమధ్యలో గట్టిగా వేసి తీసెయ్యాలి గానీ మెత్తగా నొక్కి ఉంచకూడదు. పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో దిగేవాళ్లకి దండం. ఆటోమేటిక్ బండైతే ఎల్ అనే లో గేరు గానీ మాన్యువల్ మోడ్ గానీ ఉంటుంది, అందుకే పెట్టారు దాన్ని. కొండ దిగడానికి 40 నిమిషాలని టైము పెట్టింది ఊరికే కాదు. వాసనొస్తే పక్కకి ఆపి చల్లారనివ్వాలి, డిస్కుల మీద నీళ్లు మాత్రం కొట్టొద్దు, వంకర పోతాయి.

ప్రశ్న: కూకట్‌పల్లి నుంచి. 2021 డీజిల్ ఎస్‌యూవీ. ఆఫీసు నాలుగు కిలోమీటర్లు, పిల్లల స్కూలు రెండు. ప్రతి నెలా డీపీఎఫ్ లైటు వెలుగుతోంది, బండిలో లోపం ఉందా?

జవాబు: బండిలో కాదండీ, కొనడంలోనే పొరపాటు జరిగింది. 2020 ఏప్రిల్ నుంచి అమ్మే బీఎస్ 6 (కొత్త పొగ నియమాల) డీజిల్ బండ్లకి సైలెన్సర్ గొట్టంలో మసిని పట్టే జల్లెడ ఉంటుంది, అదే డీపీఎఫ్. పట్టిన మసిని అదే కాల్చేసుకోవాలి, దానికి 600 డిగ్రీల దాకా వేడి కావాలి. నాలుగు కిలోమీటర్ల ట్రాఫిక్‌లో ఆ వేడి ఎక్కడొస్తుంది? కాల్చడం మొదలుపెట్టే లోపు మీరు ఆఫీసు సెల్లార్లో ఆపేస్తారు, దానికోసం ఎక్కువ కొట్టిన డీజిల్ కాలకుండా ఇంజినాయిల్లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే పుల్ల) తీసి చూడండి, ఆయిల్ తగ్గాల్సింది పోయి పై గీత దాటి పెరిగి ఉంటే వెంటనే మార్పించాలి. లైటు వెలిగిన రోజే ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, శంషాబాద్ వైపు అరగంట, ఇంజిన్ వేగం 2 వేల ఆర్‌పీఎం తగ్గకుండా మధ్యలో ఆపకుండా వెళ్లి రండి, ఆరిపోద్ది. నెలలకొద్దీ వదిలేస్తే బండి పికప్ చచ్చిపోయి పాకుతుంది, అప్పుడు జల్లెడ మార్చాలంటే లక్షల్లో మాట. ఈసారి కొనేటప్పుడు పెట్రోలు చూసుకోండి.

ప్రశ్న: ఏలూరు. బెజవాడ బ్రోకర్ ఒకాయన 2022 మోడల్ సెడాన్ మార్కెట్ రేటు కంటే లక్షన్నర తక్కువకి ఇస్తానంటున్నాడు. లోపల సబ్బు వాసన, సెంటు వాసన. వరద బండేమోనని మా ఆవిడ అనుమానం.

జవాబు: మీ ఆవిడ గారికి నమస్కారం, ఆవిడ మాట వినండి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి బెజవాడ సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్లు నిలబడ్డాయి, ఎన్ని కార్లు మునిగాయో మా కళ్లతో చూశాం. వాటిల్లో కొన్ని తుక్కుకి పోయినా కొన్ని కడిగి తుడిచి ఊళ్లు దాటించారు. చూసే పద్ధతి చెప్తా. డ్రైవర్ సీటుబెల్టు పూర్తిగా, చివర దాకా బయటికి లాగండి. ఎవడు ఎంత కడిగినా ఆ చివర మూర పొడుగు కడగడు, అక్కడ గోధుమ రంగు గీత, బురద మరక కనపడుద్ది. తర్వాత సీటు కింద వేలు పెట్టి బోల్టులు తడమండి, 2022 బండికి అక్కడ తుప్పు పట్టడానికి ఏ కారణమూ లేదు. డిక్కీలో స్టెప్నీ ఎత్తి ఆ గుంట చూడండి. ఏసీ ఫుల్లుగా పెట్టి గాలొచ్చే చోట మొహం పెట్టండి, సెంటు ఎంత కొట్టినా పాతబావి వాసన అప్పుడు తన్నుకొస్తుంది. సర్వీసు రికార్డులో ఆ సెప్టెంబర్ తర్వాత రావాల్సిన సర్వీసు లేకుండా ఖాళీ ఉంటే అనుమానించాల్సిందే. వైరింగులో నీళ్లు దూరిన బండి ఇవాళ బాగుంటుంది, ఎల్లుండి హైవే మీద ఉన్నట్టుండి ఆగుద్ది.

అప్పటి మా ఇంటి గోలే చెప్తా. నీళ్లు ముందు బంపర్ దాకా వచ్చాయని మా బామ్మర్ది బండిని గట్టుకి తీద్దామని సెల్ఫ్ కొట్టాడు. టక్ మని ఒక్క చప్పుడు. గాలి పీల్చే గొట్టంలోంచి నీళ్లు సిలిండర్లోకి వెళ్లాయి, నీళ్లు గాలిలాగా నొక్కుకోవు కదా, కనెక్టింగ్ రాడ్డు వంగిపోయింది. కదిలించకుండా వదిలేసుంటే ఆయిల్స్ మార్చి, ఆరబెట్టి గట్టెక్కేవాళ్లం. ఇన్సూరెన్సోళ్లు ఇంజిన్‌కి రూపాయి ఇవ్వలా, ఇంజిన్ ప్రొటెక్ట్ అని విడిగా తీసుకోవాలట, తీసుకోలా. ఇంకో సంగతి, 2018 సెప్టెంబర్ నుంచి కొత్త కారుకి థర్డ్ పార్టీ మూడేళ్లకి ఇస్తున్నారు, మన బండికయ్యే డ్యామేజీ భాగం చాలామందికి ఒక్క ఏడాదికే ఉంటుంది. మూడేళ్లు ఇన్సూరెన్స్ ఉందని ధీమాగా తిరిగేవాళ్లు ఒకసారి ఆ కాగితం తీసి తేదీలు చూసుకోండి. లాప్స్ అయ్యి 90 రోజులు దాటితే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చెయ్యనందుకు ఇచ్చే తగ్గింపు) కూడా పోద్ది.

ప్రశ్న: వరంగల్. ఈ20 పెట్రోల్ వచ్చినప్పటి నుంచి నా 2016 బండి మైలేజీ 20 నుంచి 15కి పడిపోయింది. ఏం చెయ్యాలె?

జవాబు: ఈ20 అంటే నూటికి ఇరవై పాళ్లు ఎథనాల్ కలిపిన పెట్రోలు, ఆ ఎథనాల్ మీద అంత నెపం వేస్తే పాపం. లీటరు పెట్రోల్‌లో ఉండే శక్తిలో ఎథనాల్‌లో మూడింట రెండొంతులే ఉంటుంది కాబట్టి 10 శాతం నుంచి 20కి పెరిగితే మీ 20 కాస్తా పంతొమ్మిదికి అటూ ఇటూ రావాలి. మిగతా నాలుగు ఎక్కడ పోతున్నాయో చూడండి, టైర్ల గాలి, ఎయిర్ ఫిల్టరు, ప్లగ్గులు, బ్రేకులు పట్టేసి ఉన్నాయేమో. బండి నడిపి ఆపాక నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టండి, తగిలించకుండా, ఒకటి మాత్రం సెగ కొడుతుంటే దొంగ అదే. ఇంకోటి, 2023 ఏప్రిల్‌కి ముందు బండ్లలో రబ్బరు గొట్టాలు దీనికి తగ్గట్టు చేసినవి కాకపోవచ్చు, ప్రతి సర్వీసులో పెట్రోల్ పైపులు చూపించండి, మెత్తబడినా చెమ్మగిల్లినా మార్చెయ్యండి.

ప్రశ్న: నమస్కారం. నరసరావుపేట నుంచి రాస్తున్నా, కొత్తగా డ్రైవింగ్ నేర్చుకున్నా. లైటు ఏది వెలిగినా మా వారు ఇంటికొచ్చాక చూద్దాంలే అంటారు. నిజంగా పర్లేదా?

జవాబు: పసుపు రంగుదైతే ఆయన మాట వినొచ్చమ్మా, రెండు మూడు రోజుల్లో చూపించండి, అదే పసుపు లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే మాత్రం అన్ని రోజులు ఆగొద్దు, వెంటనే చూపించండి. ఎర్రదైతే ఇంటిదాకా కాదు, ముందు మలుపు దాకా కూడా వద్దు. హ్యాండ్‌బ్రేకుదీ, సీటుబెల్టుదీ, డోరుదీ మీకే తెలిసిపోద్ది. నూనె బుడ్డి బొమ్మ వెలిగితే వెంటనే పక్కకి తీసి ఇంజిన్ ఆపెయ్యండి, ఒక్క కిలోమీటరు చాలు ఇంజిన్ బిగుసుకుపోవడానికి. థర్మామీటర్ బొమ్మ ఎర్రగా వెలిగితే ఏసీ ఆపి, నీడలో ఆపి, బానెట్ ఎత్తి అరగంట పైనే కూర్చోండి. ఎవరో ఒకాయన సాయం చేస్తానని వచ్చి రేడియేటర్ మూత తిప్పబోతాడు, తిప్పనివ్వద్దు. వేడి మీద ఆ మూత తీసిన ఒక కుర్రాడి కుడి చెయ్యి మోచేతి దాకా బొబ్బలెక్కింది, పాతికేళ్లయినా మచ్చ పోలా. ఎవరా కుర్రాడంటారా, ఈ జవాబు ఆ చేత్తోనే రాస్తున్నా.