ఆర్‌సీ రాక్ క్రాలర్ రాళ్లెక్కేటప్పుడు వెనక్కి ఎందుకు పల్టీ కొడుతుంది?

రాళ్లెక్కడానికి చేసిన ఈ రిమోట్ బొమ్మ బండి పల్టీ కొట్టేది మోటారు బలం చాలక కాదు, బండి బరువు మరీ పైన, మరీ వెనక ఉండటం వల్ల. వాలు నిటారయ్యే కొద్దీ గరిమనాభి (బండి బరువంతా ఒక్కచోట ఉన్నట్టు లెక్కించే బిందువు) నుంచి కిందికి గీసిన నిలువు గీత వెనక చక్రాల వైపు జరుగుతుంది. అవి రాతిని తాకే చోటును అది దాటిందా, ముందు చక్రాలు గాలిలోకి లేస్తాయి. అందుకే 1/10 స్కేలు (అసలు బండిలో పదో వంతు సైజు) బళ్లలో ఇత్తడి భాగాలను ముందు ఇరుసుకు బిగిస్తారు, బ్యాటరీని ముందుకు జరుపుతారు. విశాఖ తెన్నేటి పార్కు దిగువ రాళ్ల మీద, టాపు క్యారియర్‌లో స్టెప్నీ, బొమ్మ డబ్బాలు నింపిన బండి తిరగబడే చోటే, అవి తీసేస్తే అదే బండి తాపీగా ఎక్కవచ్చు. (అందమంతా ఆ డబ్బాలదేననుకోండి!) బరువు ఎక్కడ పెంచినా పట్టు పెరుగుతుందని చాలామంది నమ్ముతారు. ఇరుసుల కన్నా పైన, ఛాసిస్ మీద చేర్చిన బరువు పట్టు కన్నా పల్టీకే ఎక్కువ సాయపడుతుంది.