కాలి ఆనెలకు మెడికల్ షాపులో దొరికే కార్న్ క్యాప్ పనిచేస్తుందా, డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందేనా?

పనిచేస్తుంది. కాకపోతే క్యాప్ ఊడదీసేది గట్టిపడ్డ తోలునే. ఆనె ఎందుకు వచ్చిందో ఆ కారణం అలాగే ఉంటుంది.

నేను కూకట్‌పల్లిలో ఒక బట్టల షోరూంలో సేల్స్‌లో చేస్తాను. యూనిఫాం మీదికి నల్ల కట్ షూస్ వేసుకోవాలని రూలు. వాటి ముందు భాగం కోసుగా ఉంటుంది. దానికి ఒరుసుకుని ఒరుసుకుని నా కుడికాలి చిటికెన వేలి మీద శనగగింజంత ఆనె లేచింది. బస్సులో ఎవరైనా తొక్కారంటే ప్రాణం పోయినంత పనయ్యేది.

మా అత్తమ్మ చూసి, "ఉండు బిడ్డా, జిల్లేడు పాలు పెడితే రెండు రోజుల్ల రాలిపోతది" అంటూ పక్కనున్న ఖాళీ ప్లాటులోకి బయల్దేరింది. చెయ్యి పట్టుకుని ఆపాను. మా షోరూంలోనే ఒకామె జీడిగింజ చమురు పెట్టుకుంటే వేలంతా బొబ్బలెక్కి, చెప్పు కూడా వేసుకోలేక ఇంట్లో కూర్చుంది. పైగా జీతంలో కోత.

కార్న్ క్యాప్‌లో మధ్యన చిన్న మందు బిళ్ల, చుట్టూ మెత్తటి రింగు ఉంటాయి. ఆ మందు సాలిసిలిక్ యాసిడ్, మామూలుగా 40 శాతం. దానికి ఆనె, మంచి తోలు అనే తేడా లేదు, ఏది తగిలితే దాన్ని నానబెడుతుంది. అందుకే బిళ్ల సరిగ్గా ఆనె మీదే కూర్చోవాలి. సీసాలో వచ్చే మందైతే చుట్టూ వాజలిన్ రాసి, ఆనె మీద మాత్రమే చుక్క పెట్టాలి.

సెలవుకు ముందు రోజు రాత్రి, గోరువెచ్చని నీళ్ల టబ్బులో కాలు పెట్టుకుని క్యాప్ విప్పాను. కింద తోలు తెల్లగా, నానిన అటుకులా మెత్తబడి ఉంది. కాళ్లు రుద్దుకునే రాయితో మెల్లగా రుద్దితే పొరలు పొరలుగా లేచొచ్చింది. మధ్యలో గట్టిగా, కొంచెం మెరుస్తూ ఒక మొన మిగిలింది. అత్తమ్మ కళ్లద్దాలు పెట్టుకుని వంగి చూసి, "అగో, అదే వేరు! బ్లేడు తే, పెకిలిస్తా" అంది. వేరూ లేదు, గీరూ లేదత్తమ్మా, ఒత్తిడికి తోలే గట్టిపడి లోపలికి దిగింది అన్నాను. నమ్మలేదు. ఇప్పటికీ నమ్మదు. రెండు రోజులకోసారి క్యాప్ మారుస్తూ పోతే ఆ మొన కూడా ఊడొచ్చింది.

మీరు మాత్రం రెండు వారాలు వాడినా తగ్గకపోతే, ఎర్రబడి మండుతుంటే ఆపేసి డాక్టర్‌కు చూపించండి. పక్కల నుంచి నొక్కితే నొప్పి, పైన సన్నటి నల్ల చుక్కలు ఉన్నాయంటే అది ఆనె కాదు, పులిపిరి అయి ఉండొచ్చు. అది వైరస్ వల్ల వచ్చేది, దాని వైద్యం వేరు.

ఇంకోటి. నాకు తగ్గిందని అత్తమ్మ తన అరికాలి ఆనెకు ఒక క్యాప్ అంటించుకోబోయింది. ఆమెకు షుగర్. ఆ ఒక్కసారి మాత్రం గొంతు పెంచాను. షుగర్ ఉన్నవాళ్లకు పాదాల్లో స్పర్శ తగ్గుతుంది, యాసిడ్‌కు కాలినా తెలియదు, పుండు పడితే ఓ పట్టాన మానదు. ప్యాకెట్ మీద రాసే ఉంటుంది, కానీ ఎవరు చదువుతారు? మెడికల్ షాపు అబ్బాయి "ఎవరికి, షుగర్ ఉందా" అని అడగ్గా నేను ఇంతవరకూ వినలేదు. డబ్బులు పడ్డాయని కౌంటర్ మీద డబ్బా అరిచిందా, అదొక్కటే అతనికి కావాలి.

ఇక నేను చెప్పాలనుకున్నది ఇది. పొద్దున పదింటికి నిలబడితే రాత్రి తొమ్మిదింటి దాకా నిలబడే ఉంటాం. స్టూల్ అడిగితే "కస్టమర్ వచ్చినప్పుడు కూర్చుని ఉంటే ఏం బాగుంటుందమ్మా" అంటాడు మా మేనేజర్. కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో చట్టాలు మార్చి, షాపుల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే ఏర్పాటు ఉండాల్సిందే అన్నారు. అక్కడ చీరలు అమ్ముడుపోవడం ఆగిందా? స్టూల్ వేస్తే ఈ ఊళ్లో సేల్స్ వాళ్ల ఆనెలు సగం పోతాయి, కావాలంటే రాసిస్తాను.

షూస్ సాయంత్రం పూటే కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది కాబట్టి అసలు సైజు తెలుస్తుంది. నేను సుల్తాన్ బజార్‌లో వెతికి వెతికి ముందు గుండ్రంగా, వెడల్పుగా ఉన్న నల్ల జత తెచ్చుకున్నాను. దూరం నుంచి చూస్తే యూనిఫాం షూస్ లాగే ఉంటాయి. మా మేనేజర్ ఇంకా కనిపెట్టలేదు.