ఆ 11 సెకన్లు ఎక్కడ పోయాయి?

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి ఎక్కడో జారవిడిచానేమోనని రెండోసారి వెతికాను. దొరకలేదు. నువ్వే రాయలేదన్నమాట.

దక్షిణ కొరియా ఫుట్‌బాల్ కెప్టెన్ హాంగ్ మ్యుంగ్ బో మీద పన్నెండు పేజీలు నింపావు. 1990 నుంచి 2002 దాకా వరసగా నాలుగు ప్రపంచకప్‌లు, దేశం తరఫున 136 మ్యాచ్‌లు, 1994లో స్పెయిన్ మీద ఒక గోల్, జర్మనీ మీద ఇంకో గోల్, అన్నీ ఉన్నాయి. 2002 జూన్ 22న గ్వాంగ్జులో స్పెయిన్‌తో జరిగిన షూటౌట్‌లో చివరి పెనాల్టీ వేసి కొరియాను సెమీస్‌కి చేర్చింది కూడా ఉంది. అక్కడ "నవ్వడం ఎలాగో అప్పుడే గుర్తొచ్చినవాడిలా చేతులు చాచి పరిగెత్తాడు" అని రాశావు. ఆ వాక్యం బాగుంది, ఉంచెయ్.

మరి సరిగ్గా వారం తర్వాత దేగులో ఏమైంది? టర్కీతో మూడో స్థానం కోసం మ్యాచ్. ఆట మొదలుపెట్టింది కొరియావాళ్లే. బంతి వెనక్కి, హాంగ్ కాళ్ల దగ్గరికి వచ్చింది. మీదికి టర్కీవాడు దూసుకొచ్చాడు. కెప్టెన్, వెనకాల నిలబడి జట్టు మొత్తాన్ని కాచే స్వీపర్, బంతి పోగొట్టుకున్నాడు. ఆ టోర్నీలో అప్పటిదాకా ఒక్క గోలూ కొట్టని హకన్ షుకుర్ దాన్ని లోపలికి తోశాడు. 11 సెకన్లు. ప్రపంచకప్‌లో అంతకుముందు అంత త్వరగా గోల్ పడింది లేదు. స్టేడియంలో జనం ఇంకా సర్దుకుని కూర్చోనైనా లేదు.

ఇది నీకు తెలియదంటే నమ్మను. తెలిసే వదిలేశావు. బొమ్మ చెడిపోతుందని.

నాకీ విషయంలో పాత కడుపుమంట ఒకటుంది, విను. అప్పుడు నేనొక పత్రికలో సబ్ ఎడిటర్ని. ఆ శనివారం సాయంత్రం క్యాంటీన్ టీవీలో మ్యాచ్ చూసి, ఆ 11 సెకన్ల మీదే నలభై లైన్లు రాశాను. మా డెస్క్ పెద్దాయన పెన్ను పెట్టి ఆరు లైన్లకు కోసేశాడు. "ఓడినవాడి గురించి ఎవడు చదువుతాడయ్యా" అన్నాడు. పైన హెడ్డింగ్ "కొరియా వీరోచిత పోరాటం". ఇంగ్లండ్‌లో నాట్‌వెస్ట్ సిరీస్ నడుస్తోంది, మిగతా పేజీ అంతా క్రికెట్టే. ఆయన రిటైరయి చాలా కాలమైంది. ఆయన బుద్ధి మాత్రం ఇప్పుడు మీ కుర్రాళ్ల చేతుల్లోకి వచ్చి చేరింది, స్ఫూర్తి అని పేరు మార్చుకుని.

ఇక నీ తొమ్మిదో పేజీ, అతను కోచ్‌గా వెళ్లిన 2014 బ్రెజిల్ ప్రపంచకప్ సంగతి. "బ్రెజిల్ పరాజయం అతనికి గుణపాఠమై, విజయానికి మెట్టుగా నిలిచింది." ఇక్కడ ఒళ్లు మండింది. మెట్టట, మెట్టు! మనిషి పడిన చోటల్లా మీకో మెట్టు కనిపిస్తుంది.

నేనూ ఆ పాపం చేశాను. ఇరవై ఏళ్ల కిందట సికింద్రాబాద్‌లో ఒక పాత ఆటగాడి మీద రాశాను. ఫైనల్లో పెనాల్టీ బయటికి కొట్టినాయన. "ఆ ఓటమే ఆయన్ని మనిషిగా నిలబెట్టింది" అని ముగించి, పత్రిక పట్టుకుని గర్వంగా వాళ్లింటికి వెళ్లాను. మనవరాలి చేత చదివించుకున్నాడు. చివరిదాకా విని, "నిలబెట్టిందని నేనెప్పుడు చెప్పాను బాబూ? ఆ బంతి నాకు ఇంకా రాత్రుళ్లు కనిపిస్తుంది" అన్నాడు. టీ సగం తాగి లేచి వచ్చేశాను.

అన్నట్టు, కొరియా ఫుట్‌బాల్‌తో మనకేం సంబంధం అని మొదటి పేజీలో సంజాయిషీ ఇచ్చుకున్నావు. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించిన భారత జట్టు కోచ్ మన హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం. సంజాయిషీ కొట్టేయ్.

అసలు సంగతికొస్తాను. 2012 మీద రెండు పేజీలు రాసి, 2014ని ఒక్క వాక్యంలో దాటేశావు. ఆ రెండింట్లోనూ ఉన్నది ఒకే మనిషి, ఒకే అలవాటు. 2012 లండన్ ఒలింపిక్స్‌కి ముందు స్ట్రైకర్ పార్క్ చు యంగ్ మీద కొరియా అంతా మండిపడుతోంది. మొనాకోలో దీర్ఘకాల నివాస అనుమతి తెచ్చుకుని సైన్యంలో తప్పనిసరిగా పనిచేయాల్సిన బాధ్యతను వాయిదా వేయించుకున్నాడని. ఒలింపిక్ జట్టు కోచ్ హాంగ్ విలేకరుల ముందు అతని పక్కన కూర్చుని, ఇతను సైన్యానికి వెళ్లకపోతే బదులుగా నేను వెళ్తానన్నాడు. ఆగస్టు 10న కార్డిఫ్‌లో జపాన్‌తో కంచు పతకం మ్యాచ్. మొదటి గోల్ ఆ పార్క్‌దే. 2-0. పతకంతో పాటు కుర్రాళ్లకు సైనిక సేవ నుంచి మినహాయింపు కూడా వచ్చింది.

రెండేళ్ల తర్వాత బ్రెజిల్‌లో ప్రపంచకప్, సీనియర్ జట్టు. క్లబ్‌లో ఆడేవాళ్లనే తీసుకుంటానని ముందు తనే చెప్పాడు. పార్క్‌కి క్లబ్‌లో ఆటే లేదు, అయినా తీసుకున్నాడు. మొదటి రెండు మ్యాచ్‌లు ఆడించాడు, గోల్ రాలేదు. అల్జీరియా మొదటి సగంలోనే మూడు గోల్స్ కొట్టింది, చివరికి 4-2. మూడు మ్యాచ్‌లకు ఒకే ఒక్క పాయింట్. 2012లో నమ్మకం అని పొగిడిన దాన్నే 2014లో మొహమాటం అని తిట్టారు. ఇందులో గుణపాఠం ఎక్కడుంది చెప్పు? నాకైతే కనిపించలేదు.

ఇంచియాన్ విమానాశ్రయంలో దిగినప్పుడు జట్టు మీదికి జనం యోత్ విసిరారు. నీకు అది "మిఠాయిలు". మన జీళ్లలాగే పాకం సాగదీసి చేస్తారు దాన్ని. పళ్లకు అతుక్కుంటుంది. పరీక్షకు వెళ్లే పిల్లలకు, పాసు అతుక్కుపోవాలని అదే పెడతారు. అదే యోత్‌ని "తిను" అన్నారంటే మాత్రం పచ్చి తిట్టు. పిల్లాడికి దీవెనగా పెట్టే తీపి వచ్చి కోచ్ కాళ్ల ముందు పడింది. దీన్ని వదిలేసి మెట్టు రాస్తావా?

తర్వాతిదంతా ఇంత పొడుగు అక్కర్లేదు. చైనాలో హాంగ్‌జౌ జట్టు అతని చేతుల్లోనే కింది డివిజన్‌కి పడిపోయింది. కొరియాలో ఉల్సాన్ క్లబ్‌కి 17 ఏళ్ల తర్వాత 2022లో లీగ్ టైటిల్ తెచ్చాడు, 2023లో మళ్లీ తెచ్చాడు. 2024 జులైలో, మీరేం కంగారు పడకండి అని ఉల్సాన్ అభిమానులకు చెప్పిన కొన్ని రోజులకే జాతీయ జట్టుకి వెళ్లిపోయాడు. సెప్టెంబర్‌లో పాలస్తీనాతో 0-0 మ్యాచ్‌లో సియోల్ ప్రేక్షకులే గోల చేశారు. ఆ నెలలోనే పార్లమెంటు కమిటీ పిలిచి, నిన్ను ఎలా నియమించారని అడిగింది. 2025 జూన్‌లో బస్రాలో ఇరాక్‌ని 2-0తో ఓడించి 2026 ప్రపంచకప్‌కి అర్హత సాధించాడు. ఎవరికి నచ్చాలో నువ్వు తేల్చకు.

పత్రికకు పంపాలా, పుస్తకం వేయాలా, పారితోషికం ఎంత వస్తుంది అని కూడా అడిగావు. అవి ఇంకోసారి.

ముందు దేగు మ్యాచ్ మొత్తం సంపాదించి చూడు, గోల్ ముక్క ఒక్కటే కాదు. తొమ్మిదో నిమిషంలో ఈ ఉల్ యోంగ్ ఫ్రీకిక్‌తో కొరియా సమం చేసింది. గోల్ పడ్డప్పటి నుంచి అప్పటిదాకా హాంగ్ ఎక్కడ నిలబడ్డాడు, బంతి మళ్లీ తన దగ్గరికి వచ్చినప్పుడు ఏం చేశాడు, అది చూసి నాకు ఫోన్ చెయ్. మధ్యాహ్నం మాత్రం చెయ్యకు, పడుకుంటాను.

మీ అన్నయ్య