92 ఫైళ్ళు, అన్నీ సున్నా కేబీ

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు స్కూళ్ళ నుంచే వచ్చాయి. విజయనగరంలో ఓ స్కూల్లో ఇరవై రెండేళ్ళు కంప్యూటర్ ల్యాబ్ చూసి రిటైరైనవాణ్ణి, ఆ బాధలు నాకు తెలుసు. అందుకని ఈ నెల పేజీ మొత్తం వాళ్ళకే ఇచ్చేస్తున్నాను. ఫోన్ వేడెక్కుతోందని రాసినవారు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. బొబ్బిలి దగ్గర ఓ ప్రైవేటు హైస్కూల్లో గుమాస్తాగా చేస్తున్నాను. ఫీజులు, మార్కులు, హాజరు, టీసీలు అన్నీ ఒకే సర్వర్‌లో ఉన్నాయి. మై ఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ అట. ప్రతి శనివారం సాయంత్రం అందులోని డేటా ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుంటాను. మా కరస్పాండెంట్ గారు ఇది చాలమ్మా అంటారు. నాకే ఎందుకో రాత్రిళ్ళు టెన్షన్.
ఒక గుమాస్తా, బొబ్బిలి

జవాబు: అమ్మా, మీకు నిద్ర పట్టకపోవడం సబబే. జూన్‌లో ఫీజు కౌంటర్ దగ్గర క్యూ ఉందనుకోండి. మీరు రసీదు రాసి, ఆ తర్వాత చిట్టాలో ఎక్కిస్తున్నారు. ఆ మధ్యలో ఎవరో వచ్చి పేజీలు ఒక్కొక్కటే జెరాక్స్ తీసుకుపోతున్నారు. రసీదు జెరాక్స్‌లో డబ్బు కట్టినట్టుంటుంది, చిట్టా జెరాక్స్‌లో ఉండదు. సర్వర్ నడుస్తుండగా కాపీ చేసిన ఫోల్డర్ అలాంటి కట్టే. ఒక్కోసారి తెరుచుకుంటుంది. ఒక్కోసారి ఆ ఫోల్డర్‌తో సర్వరే మొదలవదు.

ఫోల్డరే కావాలంటే ముందు మై ఎస్‌క్యూఎల్ సర్వీస్ ఆపి, ఫోల్డర్ మొత్తం తీసుకుని, మళ్ళీ మొదలుపెట్టండి. దానికన్నా మేలైనది మై ఎస్‌క్యూఎల్ డంప్. సర్వర్‌తో పాటే వచ్చే చిన్న ప్రోగ్రాం అది. టేబుళ్ళనూ వాటిలో ఉన్నదాన్నీ టెక్స్ట్ ఫైలుగా రాసిపెడుతుంది. 'సింగిల్ ట్రాన్సాక్షన్' ఆప్షన్ పెడితే డంప్ మొదలైన క్షణానికి డేటా ఎలా ఉందో అలాగే తీస్తుంది. ఈలోగా మీరు రసీదులు కొట్టుకోవచ్చు. అయితే ఇది ఇన్నోడీబీ రకం టేబుళ్ళకే. 2010లో వచ్చిన 5.5 వెర్షన్ నుంచి కొత్త టేబుళ్ళు మామూలుగా ఆ రకమే కానీ, పాత సాఫ్ట్‌వేర్లలో మైఐసామ్ టేబుళ్ళు ఇంకా తగులుతుంటాయి. అవి ఉంటే టేబుళ్ళు లాక్ చేసే తీయాలి. మీవి ఏ రకమో సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్ళను అడగండి. 'రూటీన్స్' ఆప్షన్ కూడా పెట్టండి. అది లేకపోతే స్టోర్డ్ ప్రొసీజర్లు, అంటే డేటాబేస్ లోపలే రాసిపెట్టిన చిన్న ప్రోగ్రాములు, డంప్‌లోకి రావు. రీస్టోర్ చేశాక స్క్రీన్లన్నీ బాగానే తెరుచుకుంటాయి, రసీదు ప్రింట్ నొక్కినప్పుడు ఎర్రర్ కొడుతుంది.

ఇక నా సంగతి. మా స్కూల్లో రోజూ మధ్యాహ్నం డంప్ తీసే బ్యాట్ ఫైలు (ఆదేశాలను వరసగా నడిపే చిన్న స్క్రిప్టు) నేనే రాశాను. ఫైలు పేరులో తేదీ కూడా పడేది. చూడముచ్చటగా ఉండేది. జూన్‌లో అడ్మిషన్లు జోరుగా ఉన్న రోజున సర్వర్ హార్డ్ డిస్కు టకటకమని కొట్టుకోవడం మొదలెట్టి అరగంటలో చచ్చిపోయింది. హెడ్ మాస్టరు గారు కంగారు పడుతుంటే, నేను కాలు మీద కాలేసుకుని, బ్యాకప్ ఉంది సర్ అన్నాను. వేరే మెషీన్‌లోని ఆ ఫోల్డర్ తెరిచాను. 92 ఫైళ్ళు. అన్నీ సున్నా కేబీ. మార్చిలో సర్వర్ పాస్‌వర్డ్ మార్చింది నేనే, బ్యాట్ ఫైల్లో మార్చడం మర్చిపోయింది నేనే. డంప్ లోపలికి వెళ్ళలేక వెనక్కి వచ్చేస్తోంది, ఖాళీ ఫైలు మాత్రం రోజూ పుడుతోంది. తర్వాత పదకొండు రోజులు రసీదు పుస్తకాల కౌంటర్‌ఫాయిళ్ళు అటెండరు చదువుతుంటే నేను కొట్టాను. కళ్ళద్దాల నంబరు పెరిగింది అప్పుడే.

అప్పటి నుంచి నెలాఖరు శనివారం ల్యాబ్‌లో ఓ కంప్యూటర్‌లో, సర్వర్‌లో ఉన్న వెర్షనే వేసి, ఆ వారం డంప్‌ను రీస్టోర్ చేసి చూసేవాణ్ణి. మీరూ అదే చేయండి. మూడు విషయాలు చూస్తే చాలు: బ్యాకప్ తీసేముందు కొట్టిన ఆఖరి రసీదు నంబరు ఉందా, పదో తరగతి పిల్లల సంఖ్య సరిపోయిందా, తెలుగులో ఎక్కించిన ఓ పేరు తెలుగులోనే కనిపిస్తోందా. ఈ మూడోది తేలిగ్గా తీసుకోకండి. క్యారెక్టర్ సెట్ (అక్షరాలను కంప్యూటర్ దాచుకునే పద్ధతి) తేడా వస్తే అప్పలనాయుడు, పైడితల్లి అందరూ '????' అయిపోతారు. ప్రశ్నార్థకాలుగా సేవ్ అయిపోయిన పేర్లను వెనక్కి తెచ్చే మంత్రం లేదు, అడ్మిషన్ రిజిస్టర్ చూసి మళ్ళీ కొట్టుకోవాల్సిందే. క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్8ఎంబీ4 పెట్టమని సాఫ్ట్‌వేర్ వాళ్ళను అడగండి, వాళ్ళకు అర్థమవుతుంది. విండోస్ పవర్‌షెల్ అనే కమాండ్ విండోలో డంప్‌ను బాణం గుర్తు (>)తో ఫైల్లోకి మళ్ళిస్తే అది వేరే ఎన్‌కోడింగ్‌లో రాసి రీస్టోర్‌కు అడ్డం పడుతుంది. 'రిజల్ట్ ఫైల్' ఆప్షన్ వాడితే ఆ గొడవ ఉండదు.

ఆ పెన్‌డ్రైవ్‌ను సర్వర్‌కే గుచ్చి ఇంటికెళ్ళిపోకండి. కాపీ అయ్యాక తీసేయండి. ఒకటి కాదు, రెండు పెట్టుకుని వారం మార్చి వారం వాడండి. అందులో పిల్లల ఆధార్ నంబర్లు, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు ఉంటాయి కాబట్టి, ఫైలును సెవెన్ జిప్‌లో పాస్‌వర్డ్ పెట్టి కట్టండి. బస్సులో హ్యాండ్‌బ్యాగు పోయినా ఊళ్ళో పిల్లల వివరాలు పోకూడదు కదా.

ప్రశ్న: మాస్టారూ, మాది మైక్రోసాఫ్ట్ వారి ఉచిత డేటాబేస్, ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్. సీ డ్రైవ్ నిండిపోయి ఎర్రగా కనిపిస్తోంది. అసలు డేటా 900 ఎంబీ కూడా లేదు, ఎల్‌డీఎఫ్ అనే ఫైలు మాత్రం 60 జీబీ దాటింది. వెండర్ తరఫు కుర్రాడు సిరిమాను పండగ అయ్యాక వస్తానన్నాడు. నేనే డిలీట్ చేసేయనా?
ఒక కరస్పాండెంట్, రాజాం

జవాబు: చేయకండి సర్. దాని మీద చెయ్యి వేయకండి. అది లాగ్ ఫైలు. డేటాబేస్‌లో జరిగే ప్రతి మార్పూ ముందు అందులో పడుతుంది. దాన్ని తీసేస్తే మంచి డేటాబేస్ కూడా తెరుచుకోకుండా పోవచ్చు.

మీ డేటాబేస్ 'ఫుల్ రికవరీ'లో ఉన్నట్టుంది. ఆ పద్ధతిలో లాగ్ బ్యాకప్ విడిగా తీస్తుంటేనే పాత లాగ్ చోటు ఖాళీ అవుతుంది. ఎవరూ తీయకపోతే అది సంవత్సరాల తరబడి ఊరుతూనే ఉంటుంది. ఎక్స్‌ప్రెస్‌లో కొత్తగా చేసిన డేటాబేస్ మామూలుగా 'సింపుల్'లో, అంటే పాత లాగ్ చోటు దానంతటదే ఖాళీ అయ్యే పద్ధతిలో ఉంటుంది. మీదాన్ని ఇంకెక్కడో పెద్ద ఎడిషన్‌లో తయారుచేసి తెచ్చి మీ దగ్గర పెట్టి ఉంటారు. ముందు వేరే డిస్కు మీదకి ఫుల్ బ్యాకప్ తీయండి. ఆ తర్వాత, రోజుకో బ్యాకప్ చాలు, మధ్యలో ఆ రోజు పని పోయినా మళ్ళీ కొట్టుకుంటాం అనుకుంటే 'సింపుల్'కి మార్చి, లాగ్‌ను ఒక్కసారి ష్రింక్ చేయండి, అంటే ఫైలు సైజు తగ్గించండి. రోజూ ష్రింక్ చేసే అలవాటు మాత్రం వద్దు. ఎక్స్‌ప్రెస్‌లో డేటాకు హద్దు ఉంది (2022 వెర్షన్ దాకా 10 జీబీ), అందులో లాగ్ లెక్కకు రాదు, కాబట్టి ఆ భయం అక్కర్లేదు.

ఇంకో మాట. ఎక్స్‌ప్రెస్‌లో టైముకు పనులు నడిపే ఏజెంట్ ఉండదు. విండోస్ టాస్క్ షెడ్యూలర్‌తో బ్యాకప్ స్క్రిప్టు నడిపించాలి. టైము రాత్రి రెండు గంటలని పెట్టి వెళ్ళిపోయిన కుర్రాళ్ళను చూశాను. మన స్కూళ్ళలో సాయంత్రం ఐదింటికే అటెండరు మెయిన్ స్విచ్ దించేస్తాడు! భోజనాల బెల్లు టైము పెట్టండి.

ప్రశ్న: మాస్టారూ, 2018లో తిత్లీ వచ్చినప్పుడు మా స్కూలు కంప్యూటర్లు పోయాయి. ఇప్పుడు యూపీఎస్ పెట్టాం కానీ కరెంటు పోయిన రెండు నిమిషాలకే సర్వర్ ఆగిపోతోంది. తుపాను కబురు వస్తే ముందుగా ఏం సర్దుకోవాలి?
ఒక ఉపాధ్యాయుడు, పలాస

జవాబు: బాబూ, తిత్లీ అక్టోబరు 11 తెల్లవారుజామున మీ పలాస దగ్గరే తీరం దాటింది, మీకు నేను చెప్పాలా? నాలుగేళ్ళ ముందు, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద పడ్డప్పుడు విజయనగరంలో మేమూ రోజుల తరబడి చీకట్లో ఉన్నాం. మా సర్వర్ గది పైకప్పు రేకులది. ముందురోజు సాయంత్రం సీపీయూను పరుపు మీద బిడ్డలా ఎత్తుకెళ్ళి శ్లాబు గదిలో బల్ల మీద పెట్టాం, బతికింది. నేల మీద వదిలేసిన యూపీఎస్ మాత్రం నీళ్ళల్లో నానిపోయింది.

వాతావరణ కేంద్రం హెచ్చరిక రాగానే రెండు కాపీలు తీయండి. సర్వర్‌ను పద్ధతిగా షట్‌డౌన్ చేసి, కరెంటు ప్లగ్గే కాదు, ల్యాన్ కేబులూ పీకేయండి. పిడుగు ఆ దారిన కూడా వస్తుంది. ఒక కాపీ పాలిథీన్ కవర్లో చుట్టి బీరువాలో పెట్టండి. రెండోది సోంపేటలో చుట్టాలింట్లో పెడితే లాభం లేదు, అదే గాలి అక్కడా కొడుతుంది. హైదరాబాద్‌లో ఉన్న మనిషికి పంపండి, లేదా క్లౌడ్‌లో పెట్టండి. నెట్ నెమ్మదిగా ఉన్నా జిప్ చేసిన స్కూలు డంప్ చిన్నదే, వెళ్తుంది.

యూపీఎస్ ఉన్నది పని కొనసాగించడానికి కాదు, సర్వర్‌ను మర్యాదగా ఆపడానికి. రెండు నిమిషాలకే పోతోందంటే లోపలి బ్యాటరీ అయిపోయినట్టే. మన ఎండలకు, కరెంటు కోతలకు మూడేళ్ళు వస్తే గొప్ప. బ్యాటరీ ఒక్కటే మార్పించండి. యూఎస్‌బీ కేబుల్ ఉన్న మోడలైతే దాన్ని సర్వర్‌కు కలిపితే, ఎవరూ లేకపోయినా తనంతట తనే షట్‌డౌన్ అయ్యేట్టు పెట్టుకోవచ్చు.

ప్రశ్న: సార్, మా సర్వర్‌లో రెండు డిస్కులతో రెయిడ్ ఉంది, రెండింటిలోనూ ఒకే డేటా పడుతుంది. ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది కదా. మళ్ళీ బ్యాకప్ ఖర్చు ఎందుకని మా మేనేజ్‌మెంట్ అడుగుతోంది. సర్వర్ పాస్‌వర్డ్ కూడా అందరికీ తెలిసేలా మానిటర్‌కి అంటించాం.
ఒక కంప్యూటర్ టీచర్, ఆమదాలవలస

జవాబు: డిస్కు పాడైతే రెయిడ్ కాపాడుతుంది, నిజమే. తొమ్మిదో తరగతి మార్కులు ఎవరో పొరపాటున చెరిపేస్తే? రెండు డిస్కుల్లోనూ ఒకే క్షణంలో చెరిగిపోతాయి. 2017 మేలో వాన్నాక్రై అనే, ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్ వచ్చి మన రాష్ట్ర పోలీసు కంప్యూటర్లకే కొన్నింటికి తాళాలు వేసింది. అలాంటిది వస్తే రెండు డిస్కులకూ కలిపే వేస్తుంది. ఖర్చంటారా, ఓ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు ధర మీ వార్షికోత్సవం షామియానా అద్దెకన్నా ఎక్కువ ఉండదు.

మానిటర్ మీద ఆ చీటీ ఇవాళే పీకేసి పాస్‌వర్డ్ మార్చండి. మార్చాక బ్యాకప్ స్క్రిప్టులో కూడా మార్చి, మర్నాడు ఆ ఫైలు సైజు ఎంతుందో చూసి నాకో కార్డు ముక్క రాయండి.